పర్లాకిమిడిలో ఒక జ్వరాల క్లినిక్: చూసే కన్ను ఉంది, కల్చర్ పరీక్ష లేదు

ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం వైపు పోయే రోడ్డులో, ఒక మేడ కింది వాటాలో నడుస్తున్న ఈ జ్వరాల క్లినిక్‌కు గత పద్నాలుగు నెలల్లో నేను ఏడుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లు మా అమ్మ కోసం, మూడుసార్లు మా మేనమామ కొడుకు కోసం. తన పేరు ప్రచారం కావడం డాక్టరు గారికి ఇష్టం లేదు కనుక ఇక్కడ రాయడం లేదు. ఊళ్ళో దిగి "జ్వరాల డాక్టరు" అంటే ఆటోవాళ్ళు మరో మాట అడగరు. నేను వైద్యుణ్ణి కాను, బడిపంతులుని. రోగిని వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడు కళ్ళారా చూసినదీ, డాక్టరు గారు విడమరచి చెప్పినదీ, ఇంటికి వచ్చాక చదివి సరిచూసుకున్నదీ మాత్రమే ఇందులో ఉంది.

వెళ్ళదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది టోకెన్ల సంగతి. ఉదయం ఆరున్నరకు తలుపు తీస్తారు, ఏడింటికల్లా నలభై టోకెన్లూ అయిపోతాయి. డాక్టరు గారు ఒక్కొక్కరికి పది, పదిహేను నిమిషాలు తీసుకుంటారు కనుక ఇరవై దాటిన టోకెను వచ్చిందంటే మధ్యాహ్నం భోజనం అక్కడే అనుకోవాలి. బల్లలు చాలవు, ఫ్యాను ఒక్కటే. కాశీనగరం, గుణుపూర్ వైపు నుంచి వచ్చే సవరలు, మెళియాపుట్టి నుంచి వచ్చే మనవాళ్ళు, ఊళ్ళోని ఒడియావాళ్ళు అందరూ ఆ ఒక్క వరండాలోనే సర్దుకుంటారు. సవర మాట తెలిసిన కుర్రవాడొకడు వాకిట్లోనే కూర్చుని, ఏమేమి బాధలున్నాయో అడిగి చీటీ మీద తెలుగులో రాసి లోపలికి పంపుతాడు. ఒక చిన్న క్లినిక్‌లో ఇంత ఏర్పాటు నేను మరెక్కడా చూడలేదు. చూపించుకునే రుసుము మూడు వందలు. వారం లోపు మళ్ళీ వెళితే ఏమీ తీసుకోరు.

మా అమ్మకు అరవై నాలుగేళ్ళు. దసరా వెళ్ళిన నాలుగో రోజున వణుకుతో జ్వరం మొదలైంది. గజపతి జిల్లాలో జ్వరమంటే ముందు అనుమానించవలసింది మలేరియానే కనుక ఆ పరీక్ష చేయించాం, లేదన్నారు. డెంగీ కూడా లేదన్నారు. అప్పుడు మేము వెళ్ళిన ఒక నర్సింగ్ హోములో వైడాల్ పరీక్ష చేసి, టైఫాయిడ్ అని తేల్చి, నాలుగు రోజుల పాటు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. జ్వరం నూట మూడు నుంచి కదల్లేదు. తల పగిలిపోతోందని అమ్మ కళ్ళు తెరిచేది కాదు. ప్లేట్‌లెట్లు తగ్గాయి, కొద్దిగా ఆయాసం కూడా కనిపించింది. ఎనిమిదో రోజున "విశాఖపట్నం తీసుకుపోండి" అన్నారు. తీసుకుపోయే ముందు ఒక్కసారి ఇక్కడ చూపిద్దామని మా ఆవిడ పట్టుబట్టింది.

డాక్టరు గారు మా చేతిలోని కాగితాలన్నీ తీసుకుని బల్ల మీద బోర్లించి పెట్టి, అమ్మ వైపు తిరిగి, "అమ్మగారూ, ఈ పదిహేను ఇరవై రోజుల్లో గట్ల మీదకి, తుప్పల్లోకి ఏమైనా వెళ్ళారా?" అని అడిగారు.

"ఆవుకి గడ్డి కొయ్యాల గదా బాబూ, రోజూ ఎల్తాను," అంది అమ్మ.

వెంటనే సిస్టరును పిలిచి, తెర వెనక్కు తీసుకువెళ్ళి జుట్టు మొదలు నుంచి అరికాలు దాకా చూడమన్నారు; చెవుల వెనుక, చంకలు, రొమ్ముల కింద, నడుము, గజ్జలు వదలకుండా చూడమని ఒక్కొక్కటీ పేరు పెట్టి మరీ చెప్పారు. రెండు నిమిషాల్లో సిస్టరు పిలిచింది. లంగా బొందు ఒరుసుకునే గీత మీద, ఎడమ పక్కన, కందిగింజంత నల్లని పక్కు ఉంది. చుట్టూ సన్నని ఎర్ర అంచు. నొక్కితే నొప్పి లేదు, దురద కూడా లేదు. అమ్మ అడ్డచుట్ట కాలుస్తుంది. "సుట్ట నిప్పు రాలి కాలిందనుకున్నాను బాబూ, దానికేటి?" అంది. అంతకు ముందు నాలుగు రోజులు మంచం మీద పడుకోబెట్టి సూదులు పొడిచిన చోట ఆ నడుము వైపు ఎవరూ చూడలేదు. చూడమని అడగాలని మాకూ తెలియలేదు.

అది స్క్రబ్ టైఫస్. ఓరియెన్షియా సుత్సుగాముషి అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే జ్వరం. తుప్పల్లోనూ, గడ్డిలోనూ ఉండే ఒక రకం నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, మైట్) పిల్ల దశలో మనిషిని కుడుతుంది; ఆ పిల్లనే చిగ్గర్ అంటారు. కంటికి ఆనదు, కుట్టినట్టు కూడా తెలియదు. కుట్టిన ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం వస్తుంది. కుట్టిన చోట కొందరికి ఇలాంటి నల్లని పక్కు కడుతుంది; అందరికీ కట్టదు, కట్టినా బట్ట ఒరుసుకునే మరుగు చోట్లలోనే ఎక్కువ కనుక వెతికితే తప్ప దొరకదు. వానాకాలం ముగిసి గడ్డి బాగా పెరిగి ఉండే రోజుల్లో మన వైపు ఎక్కువగా కనిపిస్తుంది. సకాలంలో పట్టుకోకపోతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు కూడా దెబ్బతినవచ్చు. 2023లో ఇదే ఒడిశాలోని బర్గఢ్ జిల్లాలో ఈ జ్వరంతో మనుషులు చనిపోయారని పత్రికల్లో చదివి పక్కన పెట్టినవాడినే నేను.

మందు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఏడు రోజులు. మొత్తం పద్నాలుగు మాత్రలకు వంద రూపాయలు కూడా కాలేదు. రక్తం తీసి, ఈ జబ్బును నిర్ధారించే ఐజీఎం ఎలీసా పరీక్షకు పంపారు గానీ ఆ ఫలితం వచ్చేదాకా ఆగలేదు. అనుమానం బలంగా ఉన్నప్పుడు మొదటి మాత్ర ఆ క్షణమే పడాలని, తమ ఎదుటే గ్లాసు నిండా నీళ్ళతో మింగించారు. పాలతో వేసుకోవద్దనీ, వేసుకున్న అరగంట దాకా పడుకోవద్దనీ, పడుకుంటే గొంతులో అంటుకుని పుండు చేస్తుందనీ చెప్పారు. ఆయాసం పెరిగితే మాత్రం నోటి మాత్రలతో కుదరదనీ, పెద్దాసుపత్రిలో చేర్చి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరం ద్వారా ఇవ్వాలనీ ముందే హెచ్చరించారు. తీవ్రమైన కేసుల్లో ఏదో ఒకటి ఇవ్వడం కంటే రెండూ కలిపి ఇవ్వడమే మేలని మన దేశంలోని ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2023లో వెలువడిందని నేను తర్వాత చదివాను. గర్భిణుల విషయంలో డాక్సీసైక్లిన్ బదులు అజిత్రోమైసిన్ ఒక్కటే వాడతారట.

మూడో మాత్ర పడిన మర్నాడు ఉదయం అమ్మ లేచి కూర్చుని గంజి అడిగింది. ఎలీసా ఫలితం ఆ తర్వాత రెండు రోజులకు వచ్చింది.

నర్సింగ్ హోము వారు మోసం చేశారని నేను అనను. వైడాల్ పరీక్షే అలాంటిది. టైఫాయిడ్ తరచూ తిరిగే ప్రాంతాల్లో, ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో కూడా ఆ క్రిమిని ఎదిరించిన పాత గుర్తులు మిగిలి ఉంటాయి కనుక ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్మి మందు మొదలుపెడితే ఇలాగే దారి తప్పుతుంది. సెఫ్ట్రియాక్సోన్ తరగతి ఇంజెక్షన్లు స్క్రబ్ టైఫస్ మీద పని చేయవు. మూడు రోజుల్లో జ్వరం దిగకపోయినప్పుడైనా, మందు పెంచడానికి బదులు జబ్బు పేరును అనుమానించి ఉండవలసింది. నా ఫిర్యాదు అంతవరకే.

క్లినిక్ గోడ మీద నల్లని పక్కుల ఫొటోలు రెండు వరుసల్లో అతికించి ఉంటాయి. మొదటి వరుస మా అమ్మకు వచ్చినటువంటిది. రెండో వరుస ఆంత్రాక్స్. ఇది కోరాపుట్ వైపు ఉన్న జబ్బే. చచ్చిన పశువును కోసినవారికీ, ఆ మాంసం ముట్టుకున్నవారికీ చేతుల మీదా ముఖం మీదా వస్తుంది. ఇందులోనూ పక్కు నల్లగానే ఉంటుంది, నొప్పి ఉండదు. కాని చుట్టూ వాపు బాగా ఎక్కువ, పక్కు కూడా మరుగు చోట కాక ముట్టుకున్న చోటే ఉంటుంది. అందుకే జ్వరంతో వచ్చిన ప్రతివారినీ "తుప్పల్లోకి వెళ్ళారా, చచ్చిన పశువును ముట్టుకున్నారా, మేకల ఈత చూశారా, కాలికి గాయంతో పొలంలో దిగారా" అని వరసగా అడుగుతారు. మేకల ఈత ఎందుకని అడిగితే, పశువుల నుంచి మనుషులకు అంటుకునే బ్రుసెల్లోసిస్ అనే జ్వరం కోసమన్నారు. వరండాలో కొందరు ఈ ప్రశ్నలకు నవ్వుకోవడం నేను చూశాను. మొదటిసారి నేనూ నవ్వుకున్నాను.

రెండో సంగతి మా బావది. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, పర్లాకిమిడి నుంచి కాశీనగరానికి ఆటో నడుపుతాడు. మూడు నెలలుగా అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు. తర్వాత కాళ్ళు వాచాయి, మెట్లెక్కితే ఆయాసం. ఉద్దానానికి ఆనుకుని ఉన్నవాళ్ళం కదా, కాళ్ళు వాస్తే మా ఇళ్ళలో నోటికి వచ్చే మాట ఒక్కటే, కిడ్నీ. కవిటి, సోంపేట, పలాస వైపు ప్రతి ఇంట్లోనూ ఒక డయాలసిస్ కథ వింటూ పెరిగిన మాకు మరో ఆలోచన రాలేదు. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష రెండుసార్లు చేయించారు, రెండుసార్లూ బాగానే ఉంది. అయినా ఎవరికీ నమ్మకం కుదరలేదు. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో ఒకాయన వరసగా రెండు గ్లూకోజు బాటిళ్ళు ఎక్కించాడు. ఆ రాత్రి బావ పడుకోలేక తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉన్నాడు.

డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి నోట్లో పెట్టుకున్నదంతా చెప్పవయ్యా." బావ సిగ్గుపడి నసిగితే చెల్లెలు, అంటే ఆయన భార్య, చెప్పింది. పొద్దున టీ, బిస్కెట్లు. మధ్యాహ్నం తెల్లన్నం, చారు. సాయంత్రం మందు, దానితో కాస్త మిక్చరు. రాత్రి అన్నం ముట్టడు. ఇదే పద్ధతి ఏడాదిగా. అప్పుడు డాక్టరు గారు బావ పిక్కలను రెండు చేతులతో పట్టుకుని నొక్కారు, బావ కెవ్వుమన్నాడు. తర్వాత గొంతుక్కూర్చుని చేతులు ఆనించకుండా లేవమన్నారు. మనిషి సగం లేచి పక్కకు ఒరిగిపోయాడు. మెడ చుట్టూ, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొట్టు లేస్తున్నదా అని కూడా వెలుతురులోకి తిప్పి చూశారు. అది నయాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా గుర్తు, తాగేవారిలో ఇది కూడా కలిసి రావచ్చునట. బావకు అది లేదు.

ఉన్నది బెరిబెరి. బి1 విటమిన్, అంటే థయమిన్ లోపం. నరాలు దెబ్బతింటే తిమ్మిర్లు, మంటలు. గుండె దెబ్బతింటే వాపు, ఆయాసం. బావకు రెండూ ఉన్నాయి. ఒంట్లో గ్లూకోజు ఖర్చు కావాలంటే థయమిన్ కావాలి. అసలే అది అడుగంటిన మనిషికి ముందు థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు బాటిలు ఎక్కిస్తే, మిగిలిన కాస్తా కూడా ఊడ్చుకుపోయి ఒక్క రాత్రిలో ప్రాణం మీదకు రావచ్చు. నీరసమంటే గ్లూకోజు అనే అలవాటు మా వైపు ఎంత బలంగా ఉందో తెలిసినవాడిని కనుక ఈ ఒక్క సంగతి ఆయన వరండాలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని అడిగాను. ఇంకా పెట్టలేదు.

క్లినిక్ వెనుక గదిలో నాలుగు మంచాలున్నాయి. అక్కడే ఉంచి థయమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. థయమిన్ స్థాయి కొలిచే రక్తపరీక్ష ఈ క్లినిక్‌లో లేదు; మందుకు ఒళ్ళు పలికిందా లేదా అన్నదే పరీక్ష అన్నారు. పలికింది. ఆ రాత్రంతా బావ మూత్రానికి లేస్తూనే ఉన్నాడు, మర్నాటికి వెల్లకిలా పడుకోగలిగాడు, మూడో రోజుకు చీలమండల ఎముకలు కనిపించాయి. గుండెకు మరే జబ్బూ లేదని నిర్ధారించుకోవడానికి బరంపురంలో ఎకో చేయించుకు రమ్మన్నారు, చేయించాం. అరికాళ్ళ తిమ్మిరి మాత్రం పూర్తిగా పోవడానికి ఐదు నెలలు పట్టింది. నరాలు గుండె అంత తొందరగా కోలుకోవని ముందే చెప్పి ఉండటం వల్ల బావ మధ్యలో మాత్రలు మానలేదు. మందు కూడా మానాడని రాయాలని ఉంది గాని, తగ్గించాడు.

బెరిబెరి ఈ కాలంలో కూడా ఉంటుందా అని నేను ఆశ్చర్యపోతే, "మాస్టారూ, ఇది మన సొంత జబ్బు" అన్నారు డాక్టరు గారు. నిజమే. మనం ఇప్పుడు ఒడిశా అంటున్న ఈ గంజాం ప్రాంతం 1936 దాకా మద్రాసులో ఉండేది. ఇక్కడి నుంచి దక్షిణంగా సాగే ఉత్తర సర్కారుల కోస్తా బెరిబెరికి పేరుపడ్డ సీమ. మద్రాసు సైన్యపు వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ ఈ జబ్బు గురించి 1835లోనే వివరంగా రాశాడు. దక్షిణాదిన ఉప్పుడు బియ్యం తినే చోట్ల పెద్దగా లేని జబ్బు, మరపట్టిన పచ్చి బియ్యం తినే మన సర్కారుల్లో ఎందుకు ఉందో తర్వాత వచ్చిన పోషకాహార శాస్త్రజ్ఞులు విప్పి చెప్పారు. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని థయమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది. పచ్చి వడ్లను తెల్లగా పట్టిస్తే తవుడుతో పాటే పోతుంది. మిగిలినదాన్ని మనం బియ్యం నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తాం. "మీ ఇంట్లో గంజి ఏం చేస్తారమ్మా?" అని ఆయన అడిగితే, ఆవుకు పోస్తామని చెల్లెలు చెప్పింది. "ఆవుకు రాదు ఈ జబ్బు," అన్నారు. రేషనులో ఇస్తూ వచ్చిన బలవర్ధక బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపారు. థయమిన్ ఆ మూడింటిలో లేదు. మిగిలిన తిండి సరిగా ఉన్నవారికి దీనివల్ల ఏ నష్టమూ లేదు, పప్పు, వేరుశనగ, గుడ్లు, చేపలు తినేవారికి సాధారణంగా బెరిబెరి రాదు. అన్నమే కూరగా, మందే భోజనంగా బతికేవారికి, పత్యం పేరుతో బాలింతకు వట్టి చారన్నం పెట్టే ఇళ్ళలోని చంటిబిడ్డలకు ముప్పు ఇంకా ఉంది. తల్లి పాలలో థయమిన్ లేక నాలుగు, ఐదు నెలల బిడ్డ గొంతు పోయి, శబ్దం లేకుండా ఏడుస్తుందని ఆయన చెప్పినప్పుడు చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు కూడా రాయాలి. వీటిలో పెద్దది, ఇక్కడ కల్చర్ సౌకర్యం లేదు. క్రిమిని పెంచి చూసి గుర్తించవలసిన జబ్బు ఏదైనా ఈ గడప దాటి పోవలసిందే. మా వీధి చివరి రైతు ఒకాయన, షుగరు ఉన్నమనిషి, నెల రోజుల జ్వరంతోనూ తొడలో చీముగడ్డతోనూ ఇక్కడికి వచ్చాడు. అంతకు ముందు ఆయనకు టీబీ అని ఎవరో మందులు మొదలుపెట్టారు. డాక్టరు గారు మెలియాయిడోసిస్ అని అనుమానించారు. బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే ఈ క్రిమి మట్టిలోనూ, వరిమడి నీటిలోనూ ఉంటుంది; కాలి గాయం నుంచి లోపలికి పోతుంది, షుగరు ఉన్నవారిని ఎక్కువగా పట్టుకుంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే అచ్చం టీబీలాగే కనిపిస్తుంది. చీమును కల్చర్ చేస్తే తప్ప తేలదు. చేసినా అలవాటు లేని ల్యాబుల్లో సూడోమోనాస్ అనే మరో క్రిమి అనో, బయటి నుంచి పడిన క్రిమి అనో రాసి పక్కన పడేసే ప్రమాదం ఉంది. అందుకే బరంపురం పెద్దాసుపత్రికి పంపుతూ చీటీ మీద తన అనుమానాన్ని రాసి ఇచ్చారు. అనుమానం సరైనదే, నిర్ధారణ కూడా అయింది. సెఫ్టాజిడైమ్ నరం ద్వారా రెండు వారాలు, తర్వాత కోట్రైమాక్సజోల్ మాత్రలు మూడు నెలలు వాడి ఆయన ఇప్పుడు పొలానికి వెళుతున్నాడు, ఈసారి బూట్లు తొడుక్కుని. అయితే ఆ చీటీ మీది అక్షరాలు అక్కడ ఎవరికీ అర్థం కాక, ఈయనకు ఫోను చేసి కనుక్కునేసరికి ఒక రోజు గడిచిపోయింది. ఇంత పదునైన బుర్ర ఉన్న మనిషి ఇలాంటి చీటీలను టైపు చేయించి ఇవ్వకపోవడం నాకు మింగుడుపడదు.

చిన్న లోపాలు ఇంకా ఉన్నాయి. ఆడవాళ్ళను పరీక్షించే చోట తెర మోకాళ్ళ దాకానే ఉంది. ఒళ్ళంతా చూడటమే తన పద్ధతి అయినప్పుడు ఒక గది, దానికొక తలుపు ఉండాలి. సిస్టరు సెలవు పెట్టిన రోజున ఆడవాళ్ళకు ఆ పరీక్ష జరగదు, కనుక టోకెను తీసుకునే ముందే సిస్టరు వచ్చిందా అని అడగండి. డబ్బు నగదుగానే తీసుకుంటారు. పాత రోగుల వివరాలు క్లినిక్‌లో ఉండవు, చీటీ మనమే దాచుకోవాలి. ఆదివారం సెలవు, ఆ రోజు వెనుక గదిలోని మంచాలు కూడా ఖాళీ చేయిస్తారు. బావను శనివారం రాత్రి ఇంటికి పంపించింది ఆరోగ్యం కుదుటపడి కాదు, మర్నాడు ఆదివారం కనుక అని మాకు తర్వాత తెలిసింది.

నా లెక్కలో ఐదుకు నాలుగు. తగ్గని జ్వరం, అంతుపట్టని వాపు, తిమ్మిరి ఉంటే మొదట చూపించుకోవడానికి పర్లాకిమిడిలోనూ, సరిహద్దుకు అవతల పాతపట్నం వైపు ఊళ్ళలోనూ నాకు తెలిసి ఇంతకంటే మంచి చోటు లేదు. ఊపిరి ఆడని మనిషిని, స్పృహ తప్పుతున్న మనిషిని మాత్రం ఇక్కడి టోకెను వరుసలో కూర్చోబెట్టకండి, తిన్నగా పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. వచ్చేవారు పాత కాగితాలన్నీ, వాడిన మందుల అట్టలతో సహా, తెచ్చుకోవాలి. సులువుగా విప్పుకోగల బట్టలు కట్టుకుని రావాలి. ముందు రోజు ఏం తిన్నారో గుర్తు పెట్టుకోవాలి.

ఉచితంగా చూసే వారం గడువును మాత్రం కచ్చితంగా లెక్కపెడతారు. అమ్మను ఎనిమిదో రోజున తీసుకువెళితే వాకిట్లోని కుర్రవాడు మళ్ళీ మూడు వందలు తీసుకున్నాడు. లోపల డాక్టరు గారు రెండు నిమిషాలు చూసి, పక్కు ఊడిన చోట లేత చర్మం వచ్చిందని సంతోషించి, చుట్ట మానమని అమ్మకు చెప్పారు. ఆ మూడు వందలూ ఆ సలహాకే పోయాయని అమ్మ ఇప్పటికీ అంటుంది.